చేత్తో మోసుకుపోయే సీటు

గుద్దుకున్న కారు మా యార్డులోకి రాగానే నేను ముందు దాని వెనక తలుపు తెరుస్తాను. లోపల పిల్లల సీటు ఉంటే పట్టీలు కోసేస్తాను. ఇంజనూ చక్రాలూ విప్పడం ఆ తర్వాతే. ఒకసారి దెబ్బ తిన్న సీటు ఇంకో బిడ్డకి పనికిరాదు. పైకి కొత్తదానిలాగే ఉంటుంది. లోపల ప్లాస్టిక్కులో వెంట్రుకంత పగులు దాక్కుని ఉంటుంది. రెండో దెబ్బకి అది విచ్చుకుంటుంది. అందుకే పట్టీలు కోసి పడెయ్యాలని రూలు. కోసిన సీటుని దొంగ కూడా ముట్టుకోడు.

మిగతావాళ్ళు కత్తెరతో కత్తిరిస్తారు. నేను కత్తితో చీలుస్తాను. తెగినట్టు నా చేతికి తెలియాలి.

నా భార్య చచ్చిపోయిన కారుని కూడా నేనే కోశాను. తాగి నడుపుతున్నవాడొకడు పక్కనుంచి వచ్చి గుద్దాడు. "ఇంకెవరైనా చూసుకుంటార్లే, నువ్వు ఇంటికి పో" అన్నాడు యజమాని. ఇంటికి పోయి ఏం చెయ్యను? ఆమె కూర్చున్న వైపు తలుపు లోపలికి ముడుచుకుపోయి ఉంది. గ్యాసు మంటతో దాన్ని ముక్కలు చేశాను. గుద్దినవాడు ఇప్పటికీ బతికే ఉన్నాడు. కుంటుతూ నడుస్తున్నాడట. చాలదు.

ఆ కారుని యార్డుకి లాక్కొచ్చింది మా అల్లుడే. అప్పటికి అల్లుడు కాదు, లాగుడు బండి డ్రైవరు. ఎప్పుడు చూసినా భుజం మీద గొలుసు వేసుకుని తిరిగేవాడు కాబట్టి యార్డులో అందరూ వాణ్ణి గొలుసు అనేవాళ్ళు. నేను కారు కోస్తున్నంతసేపూ మా అమ్మాయి గేటు దగ్గర కూలబడి ఉంది. వాడు ఆమెకి మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ నీళ్ళతో మొదలైంది. అల్లుడయ్యాక కూడా నేను వాణ్ణి నువ్వనే అన్నాను. గారూ గీరూ నా నోటికి రాలేదు.

అమ్మాయికి నెలలు నిండుతుంటే పిల్లల సీటు కొనడానికి నన్ను కూడా దుకాణానికి రమ్మంది. అమ్మే ఆవిడ రెండు రకాలు ముందు పెట్టింది.

"ఇది పసిపిల్లల సీటండి, బుట్టలా ఉంటుంది. దీని అడుగుపీట కార్లో బిగించి ఉంచుతారు. బుట్టని పీట మీద పెడితే టక్కుమని పట్టుకుంటుంది. మీట నొక్కితే ఊడొస్తుంది. నిద్రపోయే బిడ్డని లేపక్కర్లేదు, బుట్టతో సహా ఎత్తుకుపోవచ్చు. కాకపోతే బిడ్డ కాస్త ఎదిగితే ఇది చాలదు."

"మరి ఇదో?" అన్నాడు గొలుసు.

"కన్వర్టిబుల్. మాటిమాటికీ కార్లోంచి తీసేది కాదు. మొదట వెనక్కి తిప్పి పెడతారు, పెద్దయ్యాక ముందుకి. బడికి పోయేదాకా ఇదే పనికొస్తుంది. మరీ చిన్న బిడ్డకి మాత్రం పట్టీలు భుజానికి సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి."

"ఒకసారి బిగిస్తే ఇక కదలదు. ఇదే కావాలి మనకి" అన్నాడు గొలుసు. "బుట్టలో కూరగాయలు తెచ్చుకుంటారు. బిడ్డని తెచ్చుకుంటారా ఎవరైనా?"

నేను రెండింటినీ వేళ్ళతో తట్టి చూశాను. పెద్దది దిట్టంగా పలికింది. "పెద్దదే గట్టిగా ఉంది" అన్నాను.

"విన్నావా?" అన్నాడు వాడు పెళ్ళాంతో. "చచ్చిన కార్లతోనే కదా మామయ్య కాపురం. ఆయనే చెప్పాక ఇంకేంటి?"

బుట్టలో బిడ్డంత బరువున్న బొమ్మ ఒకటి పెట్టి ఉంది. అమ్మాయి బుట్టని ఎడమ చేత్తో ఎత్తింది. కుడి చేత్తో దుకాణం తలుపు తీసి రోడ్డు దాకా నడిచింది. నిండు కడుపుతో తూలుతూనే మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక చెయ్యి ఖాళీగా ఉంటుందా లేదా అని చూసుకుంటోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఇది కావాలి నాన్నా" అంది.

బుట్ట కింద పెడుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి కింద కమిలిపోయి ఉంది.

"అదేంటమ్మా?"

"కారు తలుపు తగిలింది."

దేనికి ఏం తగిలితే ఏ సొట్ట పడుతుందో చూడటమే నా పని. తలుపు తగిలితే అడ్డంగా గీత పడుతుంది. ఇక్కడ ఒక పక్క నాలుగు మచ్చలు, ఇంకో పక్క ఒకటి. బొటనవేలు.

ఆ రోజు ఏ సీటూ కొనలేదు. బయటికొచ్చాక గొలుసు కాలరు పట్టుకుని వాడి కారుకేసి అదిమాను.

"దాని చేతి మీద అయిదు వేళ్ళున్నాయి. ఎవరివిరా?"

వాడు నవ్వాడు. "మొగుడూ పెళ్ళాల మధ్యకి నువ్వెందుకు మామయ్యా?"

నోటి మీద గుద్దాను. పన్ను నా పిడికిలిలోకి దిగింది. రెండోసారి చెయ్యెత్తేసరికి అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని వేలాడింది.

"నువ్వు కొట్టి నీ ఇంటికి పోతావు నాన్నా. నేను ఆయనతో ఆయన ఇంటికి పోవాలి."

"ఇప్పుడే నాతో వచ్చెయ్."

గొలుసు నెత్తురు ఉమ్మి కారు తలుపు తెరిచాడు. "ఎక్కు" అన్నాడు. ఎక్కింది.

ఆ తర్వాత ఒక ఎర్ర కారు యార్డుకి వచ్చింది. ముందు భాగం అప్పడంలా అయిపోయింది. అలవాటుగా వెనక తలుపు పీకాను. వెనక సీటు మీద పిల్లల సీటు నొక్కుకున్న అచ్చు లోతుగా ఉంది. సీటు లేదు. దాన్ని లాక్కొచ్చింది గొలుసే.

"ఇందులో పిల్లల సీటేదిరా?"

"వాళ్ళే పట్టుకుపోయారు" అన్నాడు, నా మొహం చూడకుండా. పెదవి ఇంకా వాచే ఉంది. అది చూసి నాకు కాస్త హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. నెలలు నిండకుండానే అమ్మాయికి కాన్పయిందని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పోయి చూస్తే అమ్మాయి కింది పెదవి చిట్లి ఉంది. నేను వాణ్ణి ఎక్కడ కొట్టానో సరిగ్గా అక్కడే. మెట్ల మీద పడ్డానని నర్సుకి చెప్పిందట. మనవరాలు నా అరచేతిలోంచి మోచేతి దాకా కూడా రాలేదు.

బిడ్డని ఇంటికి పంపే ముందురోజు గొలుసు సిగరెట్టుకి పోయాడు. అమ్మాయి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"నాన్నా, సీటు లేకుండా బిడ్డని పంపరట. ఆయన పెద్ద సీటు తెచ్చి కార్లో బిగించేశాడు."

"అయితే?"

"అయితే ఏంటి నాన్నా! అది ఆయన కార్లోంచి రాదు. తాళాలు ఆయన జేబులో ఉంటాయి. బిడ్డని ఒట్టి చేతుల్లో పెట్టుకుని నేనెవరి బండెక్కను? ఎక్కినా ఇంత పిల్లని ఒళ్ళో పెట్టుకుని పోనా? అమ్మ ఎలా పోయిందో చూశాక కూడానా?"

నేను పిల్ల మీది గుడ్డ సర్దాను.

"బుట్టయితే ఎవరి బండైనా ఎక్కుతా. ఆయన పడుకున్నప్పుడైనా సరే, స్నానానికి పోయినప్పుడైనా సరే. ఒక చేత్తో బుట్ట, ఒక చేత్తో తలుపు. దుకాణంలో నువ్వు కూడా ఆయన పక్కనే నిలబడ్డావు."

అక్కణ్ణుంచి తిన్నగా దుకాణానికి పోయాను. అమ్మే ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "చివరికి అమ్మాయి మాటే నెగ్గిందా అండీ?" అంది. ఇంకా లేదన్నాను. అడుగుపీటని నా వ్యాను వెనక సీటుకి బిగించాను. మోకాలితో తొక్కి, బెల్టు లాగి, పిడికిలితో గుద్ది చూశాను. వ్యాను మొత్తం ఊగింది గానీ పీట కదల్లేదు. బుట్టని సంచిలో కప్పి అమ్మాయి మంచం కింద పెట్టాను. వ్యాను తాళాలు దాని తలగడ కింద పెట్టాను.

"రేపు పంపిస్తారు. వాడు కారు దగ్గరికి పోగానే నువ్వు పక్క తలుపు నుంచి బయటికి రా, వ్యాను అక్కడే ఉంటుంది. పిన్ని ఇంటికి పో. వాళ్ళు మారిన ఇల్లు వాడికి తెలీదు."

"కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి నాన్నా."

"నడపగలవా, లేవా?"

"నడుపుతా."

మర్నాడు పొద్దున ఆసుపత్రి వెనక, కార్లు నిలిపేచోట నేను గొలుసు కారు పక్కన నిలబడ్డాను. జేబులో కత్తి, చేతిలో చక్రం బోల్టులు విప్పే పానా. వాణ్ణి కాసేపు అక్కడే ఆపితే చాలు. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

వాడు వస్తూనే వెనక తలుపు తెరిచాడు. మంచి హుషారు మీద ఉన్నాడు. "చూడు మామయ్యా, నువ్వు చెప్పిన పెద్దదే."

చూశాను. ఉతికిన వాసన. బట్ట శుభ్రంగా ఉంది. అంచు మడతలోకి వేలు పెట్టి గీశాను. గింజంత గాజుముక్క ఒకటి గోటి కింద దిగింది. కారు అద్దం పగిలితే రాలే గాజు అది. నా బూట్లలో రోజూ ఉంటుంది.

"ఎర్ర కారుదా ఇది?"

వాడు దాచలేదు. "దానిదే. నీ కత్తి పడకముందే రోడ్డు మీదే తీసేశా. అంత దెబ్బలోనూ అందులో పిల్లకి గీటు కూడా పడలేదు తెలుసా! కొత్తదాన్ని ఎవడు నమ్ముతాడు? ఇది పరీక్ష పాసైన సీటు."

లాగుడు బండి వాడికే తట్టే తెలివి అది. దుకాణంలో ఏ వెర్రివాడికీ తట్టదు. వాడు నిజంగానే నమ్మాడు. నమ్మాడని నేను వాణ్ణి వదిలిపెట్టలేదు. సగం కారులోకి దూరి కత్తితో పట్టీలు చీల్చాను. భుజాల మీద రెండూ తెగాయి. కాళ్ళ మధ్యది కొయ్యబోతుంటే వాడు నా బెల్టు పట్టుకుని బయటికి లాగాడు. తల తలుపు చట్రానికి కొట్టుకుంది. కత్తి కారు కిందకి జారిపోయింది.

"నా బిడ్డ సీటు కోస్తావా ముసలోడా!"

డిక్కీలోంచి తన ఇనప గొలుసు తీశాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, కుడి చెయ్యి చచ్చుబడింది. రెండో దెబ్బ చెవి మీద. ఒక పక్క వినికిడి పోయింది. మూడోది పడకముందే ఎడమ చేత్తో పానా తిప్పి వాడి మోకాలి మీద కొట్టాను. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. వాడు అరుస్తూ నా మీదే పడ్డాడు. పడి కూడా వదల్లేదు. ఆ ఇనప గొలుసు నా మెడకి చుట్టి రెండు చేతులా బిగించాడు.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. అమ్మాయి బయటికి వచ్చింది. ఎడమ చేతిలో బుట్ట, కుడి చేతిలో వ్యాను తాళాలు. కొంచెం వంగి, ఒక పక్కకి ఒరిగి, పరిగెత్తకుండా నడుస్తోంది. గొలుసు కూడా చూశాడు. నా మెడ వదిలి ఆమె వైపు పాకాడు.

"ఏయ్! ఎక్కడికే? దించు బిడ్డని!"

ఆమె తల తిప్పలేదు. వాడు పాకుతూ పోయి ఆమె మడమ అందుకున్నాడు. వాడి మణికట్టు మీద బూటు పెట్టి నా బరువంతా వేశాను. వేళ్ళు వెంటనే విడిపోలేదు. పానాతో వేళ్ళ కణుపుల మీద కొట్టాను. అప్పుడు విడిపోయాయి. అమ్మాయి చేతిని కమిలించింది ఆ చెయ్యే. ఇంకోసారి కొట్టాను. అవసరమై కాదు.

ఆమె వ్యాను తెరిచి బుట్టని పీట మీద పెట్టింది. మంచి చెవిని అటు తిప్పాను. టక్కుమంది. బుట్టని ఒకసారి ఊపి చూసింది, కదల్లేదు. పిల్ల ఏడవను కూడా లేదు.

"నాన్నా, నువ్వు?"

"నాతో పనేంటి? పో."

"నెత్తురు కారుతోంది నాన్నా!"

"నాది నేను తుడుచుకుంటా. పో అమ్మా."

వ్యాను మూల తిరిగేదాకా వాడి చేతి మీంచి బూటు తియ్యలేదు. తీశాక అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాను. గొలుసు వెల్లకిలా పడి మూలుగుతున్నాడు.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. వాణ్ణి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరు కొట్టారు?"

"నేనే. పోలీసులకి ఫోన్ చేసుకో, ఇక్కడే ఉంటా."

"ఎందుకు పెద్దాయనా? ఏమైంది?"

తెరిచి ఉన్న కారులోకి వేలు చూపించాను. కోసిన పట్టీలు సీటు మీంచి వేలాడుతున్నాయి. అతను తొంగి చూశాడు.

"సీటు కోసమా?"

"సీటు కోసమే."

అతను తన నీళ్ళ సీసా నా పక్కన పెట్టి ఫోన్ చెయ్యడానికి లోపలికి పోయాడు. గొలుసు తల నా వైపు తిప్పాడు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

"మామయ్యా, మంచినీళ్ళు."

సీసా నా పక్కనే ఉంది. నోరు ఉప్పగా ఉంటే పుక్కిలించి ఉమ్మాను. మిగిలినవి తాగేశాను.