సంతకం చొక్కా

దుప్పటి అంచులు రెండూ కలిపి, ఆసుపత్రి ముద్ర పైకి కనబడేలా మడిచి, ఆమె బల్ల చివరికి నెట్టింది. ముద్ర లోపలికి పోయిందా, పైఅంతస్తు నర్సు దొంతర మొత్తం తిప్పి పంపేస్తుంది. ఆవిరికి మొహం ఉబ్బింది. మోచేతి కింద పాత కాలిన మచ్చలు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ల ఇస్త్రీ పనిలో ఆమె సంపాదించిన ఆస్తి అవే. రేపు బ్యాంకులో సంతకాలైపోతే రెండు గదుల ఇల్లొకటి వాటికి జత కలుస్తుంది.

పక్క బల్ల దగ్గర పనిచేసేదాన్ని అందరూ రేడియో అంటారు. నోరు మూతపడదు మరి.

"రేపట్నించి మాతో మాట్లాడతావా, ఇంటావిడా?"

"అప్పు తీరాక మాట్లాడతాలే."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పొద్దున మామగారు ఎడమ భుజం రుద్దుకుంటూ కూర్చోవడం గుర్తొచ్చింది.

భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. అతని సంపాదన ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. అందుకే మామగారి పింఛను కలిపితే గానీ బ్యాంకువాళ్లు సరేననలేదు. ఆయన సంతకమూ కావాలన్నారు. అంతా అయ్యేదాకా ఇంటి రాబడిలో ఏ మార్పూ రాకూడదని, వస్తే వెంటనే చెప్పాలని గుమాస్తా అమ్మాయి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"అంటే అప్పటిదాకా నేను చావకూడదన్నమాట," అన్నాడాయన. నవ్వాలో నవ్వకూడదో తెలియక ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంది.

పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆమె అడక్కపోలేదు.

"వెళ్తే మంచమెక్కిస్తారమ్మా. సంతకం కానివ్వు, తర్వాత చూద్దాం. ముందు నా చొక్కా కాస్త ఇస్త్రీ చేసి పెట్టు."

ఆమె రెండోసారి అడగలేదు. ఆమెకు కావలసిన మాట కూడా అదే. చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలిస్తే, ఆయనే లేచి వెళ్లి జేబులో తన కలం పెట్టుకున్నాడు.

"బ్యాంకులో కలానికి తాడు కడతారు చూశావా? ఇల్లంత అప్పిస్తారు గానీ కలం దగ్గర మాత్రం మనల్ని నమ్మరు."

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన కిటికీ పక్క కుర్చీలో గడ్డం గుండెకానించి ఉన్నాడు. నిద్ర చెడగొట్టడమెందుకని చప్పుడు కాకుండా గిన్నెలు కడిగింది, టీ పెట్టింది. గ్లాసు పట్టుకెళ్లి, "మామయ్యా," అని చేయి తట్టింది. చేయి చల్లగా ఉంది.

ఆమె గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. మొట్టమొదట గుర్తొచ్చింది పింఛను. ఛీ అనుకుంది. ఆ తర్వాతైనా ఏడుపు రావాలి కదా, రాలేదు. భర్తకు చెప్పాలని ఫోన్ తీసేలోపే అది మోగింది.

"నమస్తే అండీ, బ్యాంకు నుంచి. రేపటికి అన్నీ రెడీ. ఆఖరి ప్రశ్న ఒకటుంది, అందర్నీ అడిగేదే. మొన్న మాట్లాడుకున్న తర్వాత మీ ఇంటి రాబడిలో ఏమైనా మార్పుందా?"

లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఆయన మొహం వంక చూసింది. పొద్దున ఊరుకున్నది చాలనిపించింది.

"ఉందండీ. మా మామయ్య పోయారు."

"అయ్యో. ఎప్పుడండీ?"

"ఇప్పుడే చూశాను. మా ఆయనక్కూడా ఇంకా చెప్పలేదు."

"ముందు ఆయనకి చెప్పండమ్మా." ఆ అమ్మాయి గొంతు తగ్గింది. "ఫైలు… ఇక్కడితో ఆపేయాల్సి ఉంటుందండీ."

"ఆపేయండి," అంది ఆమె, దొంతర తిప్పి పంపినప్పుడు నర్సుతో అనే గొంతుతోనే.

తర్వాత భర్తకు ఫోన్ కలిపింది. వ్యాను నడుపుతున్నాడేమో, మోగుతూనే ఉంది. ఎదురుగా తలుపు వెనక కొక్కేనికి చొక్కా వేలాడుతోంది, ఒక్క ముడతా లేకుండా, జేబులో కలంతో.