నెలలు నిండని పాపకు జుబ్బా

భైంసా బజారులో ముబీనా, ఆమె తోడికోడలు ఖుర్షీద్ కలిసి పిల్లల బట్టలు కుడతారు. ఈ ఏడాది దుకాణానికి వెబ్‌సైట్ పెట్టుకున్నారు. పండుగ బట్టలు, బడి బట్టలు, పుట్టిన పాపల బట్టలు అని విభాగాలు చేశారు. ఒక్కో విభాగం కోసం జనం ఫోన్లో ఏ మాటలు కొట్టి వెతుకుతారో చూసి, ఆ కీవర్డ్లు ఎంచే పని ముబీనా మీద పడింది.

మొదటి రెండూ గంటలో అయిపోయాయి. మూడోదాని దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

“మెత్తటి జుబ్బా, ఇరవై ఒక్క దినాల గౌను... ఇంకేం రాస్తవ్?” కుట్టుమిషను దగ్గర నుంచే అడిగింది ఖుర్షీద్.

ముబీనా టైపు చేసింది: నెలలు నిండని పాపకు జుబ్బా.

ఖుర్షీద్ మిషను ఆపింది. “గదెందుకు? ఎవరు వెతుకుతరు గట్ల?”

“నేను వెతికిన భాబీ.”

మొన్న ఎండాకాలం ముబీనాకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి గాజుపెట్టెలో తొమ్మిది రోజులు బతికింది. ఇంటి నుంచి తెచ్చిన జుబ్బాలో పాప అసలు కనబడేది కాదు. ముబీనా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఆ మాటలే కొట్టి చూసింది. ఏ దుకాణమూ దొరకలేదు.

“నాకు జెప్పకపోతివి. ఒక్క పూటల కుట్టి తెద్దును గదనే.” ఖుర్షీద్ మిషను వదిలి వచ్చి పక్కన కూర్చుంది.

“అప్పుడు ఎవరితోని మాట్లాడబుద్ధి కాలే.”

ఆ మాటలతో నెలకు ఎందరు వెతుకుతున్నారో చూపే పేజీ తెరిచారు. పది మంది.

“నెలకు పది మంది, భాబీ,” అంటూ ముబీనా ఏడ్చేసింది.

ఖుర్షీద్ మెత్తటి తెల్లగుడ్డ తీసి, తన అరచెయ్యి కొలతగా పెట్టి కత్తిరించింది.

నెల తిరగకముందే నస్పూర్ నుంచి ఎబినేజర్ అనే అతను ఫోన్ చేశాడు. “శానా చిన్న జుబ్బాలు మీ దగ్గర దొరుకుతయని మీ వెబ్‌సైట్ల చూసినమక్కా. మా పాప కిలో గూడ లేదు.”

ఆ మధ్యాహ్నమే నాలుగు కుట్టి బస్సు పార్శిల్లో పంపారు. తర్వాత ముబీనానే రెండుసార్లు ఫోన్ చేసి పాప సంగతి అడిగింది. చుక్క చుక్క పాలు తాగుతోందన్నాడు. తన వేలు పట్టుకుందన్నాడు.

ఆరో రోజు అతనే చేశాడు.

“పాప పోయిందక్కా. పొద్దుగాల మట్టి జేసినం. మీ జుబ్బనే తొడిగినం. సరిగ్గ సరిపోయింది. గదే మీకు చెప్దామని చేసిన.”

ముబీనా, “పేరు పెట్టిన్రా?” అని అడిగింది.

“మహిమ.”

“మా బిడ్డ పేరు నిషాత్,” అన్నది ముబీనా. ఆ పేరు ఆమె నోట రావడం పాప పోయాక అదే మొదటిసారి.

“ఎన్ని దినాలుండె అక్కా?”

“తొమ్మిది.”

ఖుర్షీద్ లేచి పట్టపగలే షట్టర్ సగం దించింది. ముబీనా ఫోన్ చెవికి ఆనించుకునే ఏడ్చింది. అవతల అతనూ ఏడుస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేకపోయారు.