నూరు గ్రాముల రైస్

వెంకోబారావు ఆదోని బజారులో కొనుక్కొచ్చిన తక్కెడ చూడడానికి ముచ్చటగానే ఉంది. రెండు ఇత్తడి పళ్లేలు, మధ్యన సన్నటి ముల్లు, కొయ్యపెట్టెలో వరసగా తూకపు రాళ్లు. కంసాలులూ మందుల షాపులవాళ్లూ కొనే రకం. ఎమ్మిగనూరు హైస్కూల్లో ఇంగ్లీషు పాఠం చెప్పే మీకు తక్కెడతో ఏం పనని బస్సులో ఎవరో అడిగితే, "మా ఇంటావిడను తగ్గించడానికి" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి తనే చెప్పి తనే నవ్వాడు. ఇందిరాబాయికి ఒళ్లు మండింది.

అసలు సంగతి మోకాళ్లది. నలభై దాటాక ఇందిరాబాయి ఒళ్లు చేసింది. కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోతోంది. దాని కోసమే మొగుడూ పెళ్లాలు ఆదోనిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయారు. నొప్పి ఇందిరాబాయిది, మాట్లాడింది మాత్రం వెంకోబారావు. గదిలో అడుగు పెట్టీ పెట్టకముందే ఇంగ్లీషు ఎత్తుకున్నాడు. ఆ డాక్టరమ్మ బళ్లారి మనిషి. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు. కానీ ఎదుటివాడు ఇంగ్లీషులో మొదలుపెడితే తను తగ్గడమెందుకని ఆవిడా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. తన మోకాలి గురించిన మాటలు తన నెత్తి మీదుగా అటూ ఇటూ పోతూ ఉంటే, ఇందిరాబాయి పరాయి పెళ్లికి వచ్చినట్టు మధ్యలో కూర్చుంది. ఆమెకు తెలిసిన ముక్కలు రెండే వినపడ్డాయి, రైస్, గ్రామ్స్.

బరువు తగ్గితేనే మోకాళ్లు బాగవుతాయనీ, పూటకు నూరు గ్రాముల రైస్ కంటే ఎక్కువ తినగూడదనీ, పప్పు కొంచెం, నూనె ఇంకా కొంచెమనీ వెంకోబారావు ఇంటికొచ్చాక చెప్పాడు. ఇందిరాబాయి సరేనంది. తగ్గాలని ఆమెకు మాత్రం లేదా? గోడ పట్టుకోకుండా లేచి నిలబడాలని ఆమెకు ఉన్నంత ఆశ ఇంకెవరికుంటుంది?

కానీ తక్కెడ పెట్టిన చోటు పడసాల. బజారులో నలుగురి చేతులు పడ్డ వస్తువు మడి వంటింట్లోకి రాకూడదు కదా. చింతపండు పెట్టి ఎంత తోమినా అది గడప ఇవతలే ఉండాలి. పెళ్లైన నాటి నుంచి ఇందిరాబాయి అందరికీ వడ్డించి, చివరన పొయ్యి పక్కన కూర్చుని, తనకు కావలసినంత పెట్టుకుని తినే మనిషి. ఏం తిన్నదో, ఎంత తిన్నదో ఆమెకూ ఆ పొయ్యికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు అన్నం గిన్నె పట్టుకుని పడసాలలోకి వచ్చి మొగుడి ముందు నిలబడాలి. తను సుష్టుగా తిని త్రేన్చి, చేయి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని ఆయన తూచేవాడు. ఒక పళ్లెంలో నూరు గ్రాముల రాయి, రెండో పళ్లెంలో అన్నం. ముల్లు అటు ఒరిగితే నాలుగు మెతుకులు తీసేవాడు, ఇటు ఒరిగితే రెండు మెతుకులు వేసేవాడు. అంతా అయ్యాక చూస్తే పిడికెడు.

ఆ పిడికెడు చూసిన మొదటి పూటే ఇందిరాబాయికి ఏడుపు వచ్చింది. ఏడవలేదు, మొండికేసింది. తూచినారు కాబట్టి తూచినంతే తింటానని పంతం పట్టింది. వెంకోబారావుకు ఒక పూట జాలి పుట్టి, ఇంకొంచెం పెట్టుకోవే అని గిన్నె జరిపాడు. ఆమె గిన్నె వెనక్కి నెట్టి లేచిపోయింది. కూర ఎంతైనా తినొచ్చట అని ఆయన చెప్తే, కూర కూడా తూచమంది. కడుపు కాలిపోతున్నా సరే, ఆ మనిషి దయ తల్చి వేసే మెతుకు ఒక్కటి కూడా తన గొంతు దిగకూడదనుకుంది. అది తెలివైన పని కాదని ఆమెకూ తెలుసు. కోపం వచ్చినప్పుడు తెలివి ఎవరికి కావాలి?

జాకెట్లు వదులయ్యాయి. వెంకోబారావు స్కూల్లో తోటి మాష్టర్లకు చెప్పుకుని మురిసిపోయాడు. అదేదో తాను తగ్గినట్టు.

గూడూరులో ఉండే భీమరావు వెంకోబారావుకు వరసకు అన్న. ప్రతి ఏకాదశికీ మంత్రాలయం పోయి, రాత్రికి వీళ్లింటికి చేరి, ద్వాదశి పొద్దున పారణ ఇక్కడే చేసి ఊరికి పోవడం ఆయనకు అలవాటు. ఏకాదశి నాడు ఆ ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్లు ముట్టరు. అందుకే ద్వాదశి పొద్దున తెల్లవారేసరికి వంటంతా అయిపోయి, విస్తళ్లు పడి, ఎవరికి కావలసినంత వాళ్లు తినాలి. ఆ పూట ఎవరూ ఎవరికీ అడ్డం చెప్పరు.

అటువంటి పూట కూడా వెంకోబారావు తక్కెడ బయటికి తీశాడు. మగవాళ్లిద్దరూ తిని లేచాక, భీమరావు వక్కలు నములుతూ చూస్తుండగా, ఇందిరాబాయి అన్నం తూకానికి వచ్చింది.

"ఏమిరా వెంకోబా, ఆదోనిలో పత్తి మూటకు కాటా వేసినట్ల వేస్తాండావే?" అన్నాడు భీమరావు. "తరుగు ఎంత తీస్తావు?"

వెంకోబారావు పగలబడి నవ్వాడు. భీమరావు నోటిదురుసు మనిషి, ఆయన్ని ఇందిరాబాయి ఆ క్షణమే వదిలేసింది. మొగుడి నవ్వును మాత్రం వదల్లేకపోయింది. ముందురోజంతా చుక్క నీళ్లు తాగకుండా, సలుపుతున్న మోకాళ్లతో ఇద్దరికీ వండి వార్చి, తన పిడికెడు కోసం నిలబడి ఉంటే ఆయన నవ్వాడు. ఆమె ఆ పిడికెడు తిన్నది. పెరట్లో నీళ్లు చేదుతుంటే కళ్లు బైర్లు కమ్మి, చేద వదిలేసి, బావి గట్టు పట్టుకుని కూలబడింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆదోని బస్సెక్కింది.

డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసింది, చేయి పట్టుకుని చూసింది, ఇంత తొందరగా ఇంత తగ్గడమేమిటని మొహం ముడుచుకుంది. ఏం తింటున్నావని ఈసారి తెలుగులోనే అడిగింది. ఇంగ్లీషు ఎత్తుకునేవాళ్లు పక్కన లేరు మరి. ఇందిరాబాయి పిడికిలి బిగించి చూపించింది. పూటకు ఇంత అన్నం అంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అన్నం కాదమ్మా, బియ్యం. నూరు గ్రాముల బియ్యం వండితే ఎంతైతే అంత అన్నం తినమన్నాను. మీ ఆయనకు స్పష్టంగా రైస్ అనే చెప్పినానే."

స్పష్టంగానే చెప్పింది, ఆయన స్పష్టంగానే విన్నాడు. సంచిలో ఉన్నా రైసే, విస్తట్లో ఉన్నా రైసే. బియ్యం కొలవమంటే అన్నం కొలిచేవాళ్లు, అన్నం పెట్టమంటే బియ్యం పోసేవాళ్లు ఈ జిల్లా మొత్తం మీద ఎక్కడైనా ఉంటారా? ఆ రోజు ఆ గదిలో ఒక్క మాట తెలుగులో పడి ఉంటే ఇంత ఆకలి ఉండేది కాదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇందిరాబాయి ఊరు వచ్చేదాకా పళ్లు నూరుకుంది. డాక్టరమ్మ మీద కోపం, మొగుడి మీద కోపం, అన్నిటికీ మించి నోరు తెరిచి ఎంత అన్నం, ఎంత బియ్యం అని అప్పుడే అడగని తన మీద కోపం.

సంగతి చెప్తే వెంకోబారావు తల దించుకుంటాడని ఆమె అనుకుంది. ఆమె కోరింది అంతే. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "రైస్ అంటే రైసే కదే. నాదేం తప్పు?" అన్నాడు. "మంచిదేలే, రెండింతలు తొందరగా తగ్గినావు. రేపట్నుంచి బియ్యమే తూస్తా."

తూస్తా అన్నాడు, మళ్లీ తనే. మళ్లీ ఏకాదశి వచ్చేదాకా ఇందిరాబాయి ఆయన చేత బియ్యం తూయించుకుంటూ నోరు మూసుకుని ఉంది.

ద్వాదశి పొద్దున పడసాలలో రెండు విస్తళ్లు వేసింది. భీమరావు ఒకవైపు, వెంకోబారావు ఒకవైపు కూర్చున్నారు. ఇద్దరి కడుపులూ ముందురోజంతా ఖాళీ. భీమరావు విస్తట్లో అన్నం గుమ్మరించి, పప్పు పోసి, నెయ్యి ధారగా వేసింది. తర్వాత తక్కెడ తెచ్చి మొగుడి విస్తరి పక్కన పెట్టి, నూరు గ్రాముల రాయి వేసి, అన్నం తూచింది. నాలుగు మెతుకులు తీసింది, రెండు మెతుకులు వేసింది.

"ఏమే ఇది, అంటు కాదా?" అన్నాడు వెంకోబారావు.

"నాకు కాని అంటు మీకెట్ల అయితాది?"

ఆ పిడికెడు విస్తట్లో వేసింది. భీమరావు ముందు మాట పెంచలేక వెంకోబారావు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి పరిషేచనం చేశాడు. అది చేశాక మనిషి విస్తరి ముందు నుంచి లేవకూడదు. ఎంగిలి చేత్తో గిన్నె ముట్టకూడదు. వడ్డించేవాళ్లు వడ్డిస్తేనే తిండి. తన ఇంట్లో, తన డబ్బుతో కొన్న బియ్యం, చేతికందేంత దూరంలో పొగలు కక్కుతున్న గిన్నె, అయినా ముట్టడానికి లేదు.

నాలుగు ముద్దల్లో విస్తరి ఖాళీ అయింది. భీమరావుకు ఆమె రెండోసారి వడ్డించింది, మూడోసారి చారు పోసింది. మొగుడి విస్తరి దాటుకుంటూనే పోయి వచ్చింది. వెంకోబారావు గిన్నె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

ఇందిరాబాయి గరిటె పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది. "ఏం కావాల?"

"ఇంకొంచెం..."

"ఇంకొంచెం ఏంది? రైసా?"

భీమరావు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. ఈసారి ఆయనకు పత్తి మార్కెట్టు గుర్తు రాలేదు. వెంకోబారావు మొహం ఎర్రబడింది. లేవడానికి లేదు, అరవడానికి అన్న ఎదురుగా ఉన్నాడు, కడుపులో నిన్నటి ఆకలి తగ్గకుండా అట్లాగే ఉంది. తల వంచుకుని, ఎంగిలి చేయి విస్తట్లోనే పెట్టుకుని, "అన్నం పెట్టు" అన్నాడు.

"తెలుగులో ఎంత బాగా అడుగుతారు," అంది ఇందిరాబాయి. "ఇదే మాట ఆ పొద్దు డాక్టరమ్మ కాడ అడిగింటే నేను బావి కాడ పడేదాన్ని కాదు."

అన్నం పెట్టింది. మళ్లీ పెట్టింది. చాలు చాలు అనేదాకా పెట్టి, పప్పు పోసి, నెయ్యి వేసింది. అన్నం దగ్గర ఎవరినీ ఏడిపించడం ఆమెకు చేతకాదు.

వాళ్లు తిని లేచాక విస్తళ్లు తీసి, నేల అలికి, తక్కెడ కడిగింది. దాన్ని కొయ్యపెట్టెతో సహా తీసుకుపోయి సామాన్ల గదిలో, బియ్యం డబ్బా పక్కన పెట్టింది. ఆ పొద్దున తెల్లవారకముందే ఆమె తన నూరు గ్రాముల బియ్యం తనే తూచుకుని, చిన్న గిన్నెలో వేరుగా వండి పెట్టుకుని ఉంది. ఇక రోజూ అంతే. ఆ గది తాళంచెవి నడుముకు దోపుకుని, గోడ పట్టుకుంటూ పొయ్యి పక్కన కూర్చుంది.

"తూచుకున్నావా?" అని పడసాల నుంచి వెంకోబారావు అడిగాడు, కొంచెం మెల్లగా.

ఇందిరాబాయి కాలితో వంటింటి తలుపు నెట్టి మూసి, అన్నం కలుపుకుంది.