మామూలుగా ఇలాగే ఉంటారా

సూప్ మళ్ళీ వేడిచేసి ఫ్లాస్కులో పోస్తుంటే ఆమెకు గ్లవ్స్ సంగతి గుర్తొచ్చింది. పందెం దారిలోని ఈ చెక్‌పాయింట్‌లో భర్త చేతికి అందించాల్సిన పొడి గ్లవ్స్. పొద్దున లాడ్జి గదిలో హీటరు మీద వెచ్చబెట్టి, అక్కడే వదిలేసి వచ్చింది. సంచి మొత్తం బల్ల మీద బోర్లించింది. మేజోళ్ళున్నాయి, కాలివేళ్ళకు చుట్టే టేపుంది, ఉప్పు బిళ్ళలున్నాయి. గ్లవ్స్ లేవు.

అతను కొండదారుల్లో పరుగెత్తుతాడు. మంచు కురిసే నెలల్లో, అడవుల్లోంచి, శిఖరాల మీదుగా, ఒక పగలూ రాత్రీ సాగే పందేలు. ఆమె కారు నడుపుకుంటూ అతనికన్నా ముందు ప్రతి చెక్‌పాయింట్‌కీ చేరాలి. తడి బూట్లు విప్పాలి, పగిలిన మడమలకు మందు రాయాలి, తినకపోతే బతిమాలాలి. పందెం అయ్యాక బురద బట్టలు ఉతకడం, బూట్లలో కాగితాలు కుక్కి ఆరబెట్టడం ఎలాగూ ఉన్నాయి. కళ్ళద్దాల షాపులో ఆమెకిచ్చే సెలవులన్నీ వీటికే సరి. "మీకేమండీ, ఏటా మంచుకొండలు చూసొస్తారు" అంటారు తోటివాళ్ళు. "పరిగెత్తేది నేను. తను చేసేదేముంది, వెచ్చగా కూర్చోవడమేగా" అంటాడు అతను నలుగురిలో. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, లేకపోతే ఇంటికెళ్ళాక ముఖం ఎందుకు మాడ్చుకున్నావని అడుగుతాడు.

అడగడం కూడా మెల్లగానే అడుగుతాడు. గొంతు పెంచే మనిషి కాదు. పోయిన చలికాలం మేజోళ్ళు ఒక జతకు బదులు ఇంకో జత తెచ్చింది. అతనికి మడమ కోసుకుపోయింది. తిరుగుదారిలో కారు అతనే నడుపుతూ, మనిషి జాడ లేని మలుపులో ఆపి, "దిగు" అన్నాడు. హాస్యమనుకుని కూర్చుంది. "దిగమన్నానుగా" అన్నాడు, అంతే నెమ్మదిగా. కోటు వెనక సీట్లో ఉండగానే కారు వెళ్ళిపోయింది. చీకటిపడ్డాక తిరిగొచ్చాడు. "చలంటే ఏంటో ఇప్పుడు తెలిసిందా" అని తలుపు తీశాడు. అత్తగారికి చెబితే, "తిట్టాడా, కొట్టాడా? తిరిగొచ్చి ఎక్కించుకున్నాడుగా తల్లీ. వాడి కష్టం నీకూ తెలియాలనుకున్నాడు, అంతే" అంది. ఆ 'అంతే' దగ్గర ఆమె ఆగిపోయింది. అటుపైన ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే, "మామూలేనండీ" అనడం అలవాటు చేసుకుంది.

ఇప్పుడు రేకుల షెడ్డు మీద గాలి రాళ్ళు విసిరినట్టు మోగుతోంది. అతను రావాల్సిన వేళ ఎప్పుడో దాటింది. లాడ్జికి వెళ్ళి గ్లవ్స్ తెద్దామంటే ఈలోగా వచ్చేస్తాడేమో. ఎవరినైనా అడిగి తీసుకుందామంటే, అరువు గ్లవ్స్ అతను తొడుక్కోడు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి చూస్తోంది.

"కంగారుపడకమ్మా, వస్తారు" అంది డాక్టరు. తల నెరిసిన మనిషి, పొయ్యి పక్కన కూర్చుని, వచ్చిన వాళ్ళనల్లా పరీక్ష చేసి పంపిస్తోంది. ఆమె తలూపింది. భర్తకోసం భయపడుతున్న భార్య అనుకుంటోంది పాపం.

అంతలో డాక్టరు పక్కనున్న వైర్‌లెస్ గరగరలాడింది. శిఖరం మీద ఒకతను పడిపోయాడు, కదలడం లేదు, నీలం జాకెట్, ముఖం ఇంకా చూడలేదు అంటోంది అవతలి గొంతు. అతనిదీ నీలం జాకెట్టే. డాక్టరు ఆమె వైపు తిరిగి, భుజం మీద చెయ్యి వేసింది.

ఆమెకు ముందుగా వచ్చిన ఆలోచన ఇది: అయితే గ్లవ్స్ ఏవని ఇక అడగడు.

ఒళ్ళంతా తేలికైంది. పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి దానంతటదే బయటికొచ్చింది. ఏం అనుకున్నానో అర్థమయ్యేసరికి బల్ల అంచు పట్టుకుంది. నేనేనా ఇలా అనుకున్నది? ఇన్నాళ్ళూ ఆయనకేమవుతుందో అని భయం అనుకుంటూ వచ్చాను. ఇదేం మనసు?

కాసేపటికి తలుపు తోసుకుని అతనే వచ్చాడు. పడిపోయింది ఇంకెవరో. ఊపిరుందట, అవతలి వైపు నుంచి కిందికి దించుతున్నారట. అతని కనుబొమల మీద మంచు పేరుకుంది. నడక తడబడుతోంది. ఆమె ముఖం చూడకుండానే చెయ్యి చాచాడు.

"గ్లవ్స్."

"మర్చిపోయానండీ."

అతను చిన్నగా నవ్వి, ఆమె చెవి దగ్గరకు వంగాడు. "సరే. ఇంతికెళ్ళాక మాత్లాడుకుందాం."

మాట ముద్దగా వచ్చింది. నీళ్ళ సీసా మూత తియ్యబోతే వేళ్ళకు పట్టు చిక్కడం లేదు. అంత చలిలోంచి వచ్చినా వణకడం లేదు. డాక్టరు లేచి వచ్చి, చెవిలో థర్మామీటరు పెట్టి చూసి పెదవి విరిచింది.

"ఒంటి వేడి బాగా పడిపోయి ప్రమాదం అంచున ఉంది. పైకి పంపాలంటే నాకు భయంగా ఉందండీ."

"నాకేం కాలేదు. ఇలాంతివి ఎన్ని చేశాను. మా ఆవిణ్ణి అదగండి" అని అతను భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు.

డాక్టరు ఆమె వైపు తిరిగింది. "నేనీయన్ని చూడడం ఇదే మొదలు. మీరు చెప్పండమ్మా. మామూలుగా ఇలాగే ఉంటారా?"

మామూలేనండీ అంటే చాలు. అతను వెళ్ళిపోతాడు. పైన ఇంకో శిఖరం ఉంది, ఆ గాలి ఉంది. బహుశా తిరిగి రాడు. తప్పు ఎవరూ ఆమె మీద వెయ్యరు. అతను చెప్పమన్న మాటే చెప్పింది కదా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఆ క్షణంలో ఆమెకు అతనికంటే తనంటేనే ఎక్కువ భయం వేసింది.

"ఎప్పుడూ ఇలా ఉండరు. ఆపేయండి" అంది.

డాక్టరు అతని ఛాతీ మీది నంబరు కాగితం విప్పింది. అతను గొణిగాడు, పెనుగులాడాడు. చివరికి పొయ్యి దగ్గర కూలబడితే కంబళ్ళు చుట్టారు. వాటిలోంచి భార్యనే చూస్తూ కూర్చున్నాడు.

"కొంచెం వెచ్చబడ్డాక తీసుకెళ్ళొచ్చమ్మా, కారు మీరే నడుపుతారుగా" అంది డాక్టరు.

"తనే నదుపుతుంది" అన్నాడు అతను.

ఆమె డాక్టరు వైపు తిరిగింది.

"ఈయన్ని మీ అంబులెన్సులో పంపండి డాక్టరుగారూ. ఈయనతో ఒకే కారులో నేను కూర్చోలేను. ఇంటికీ రాను. నాకీయనంటే భయం."

సూప్ తాగుతున్న వాళ్ళు తలలు తిప్పి చూశారు. డాక్టరు పొయ్యి దగ్గరున్న తన కుర్చీని లాక్కొచ్చి, వాళ్ళిద్దరికీ మధ్యన వేసుకుని కూర్చుంది. అంబులెన్సు వచ్చేదాకా లేవలేదు.