ఆయన గడప దాటిన రోజు తలస్నానం

పొడుగు జుట్టును ఎన్ని రోజులకొకసారి కడుక్కోవాలని ఎవరో అమ్మాయి వారపత్రిక వాళ్లను అడిగింది. ఎక్కువగా కడిగితే ఎండిపోతుందేమో, కడగకపోతే రాలిపోతుందేమో అని ఆ పిల్ల బెంగ. వారానికి రెండుసార్లు చాలమ్మా, ముందురోజు నూనె పెట్టుకో, కడిగాక మందారాకు ముద్ద పట్టించుకో, జుట్టు పట్టులా ఉంటుంది అని వాళ్లు జవాబిచ్చారు. నేను ఆ జవాబు కింద వేలు పెట్టి మళ్లీ చదివాను. కడుక్కోవాలనుకుంటే లేచి కడుక్కోవచ్చన్నట్టే రాశారు. ఎవరిని అడగాలో మాత్రం రాయలేదు.

పెళ్లినాటికి నా జుట్టు మోకాళ్ల దాకా ఉండేది. చూడవచ్చినరోజు మా అత్త చంద్రమ్మ నన్ను గోడవైపు తిప్పి, జడ తనే విప్పి, కుదుళ్ల దగ్గర పట్టి గట్టిగా గుంజింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "సవరం కాదు, అసలుదే" అని మావాళ్లకేసి చూసి నవ్వింది. పెళ్లి ఖాయమైంది. నా భర్త గుండయ్య కాచిగూడ షెడ్డులో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్. యాకుత్‌పురా స్టేషన్ వెనక రెండు గదుల ఇంట్లో కాపురం. "మా ఇంటామె మెట్లు దిగినంక గడియకు ఆమె జడ దిగుతది" అని ఆయన తోటివాళ్లతో చెప్పి నవ్వించేవాడు. మెడ నొప్పి పుడుతోంది, కొంచెం కత్తిరిస్తానయ్యా అని ఒకసారి అడిగాను. "కత్తిరియ్యి. ఆ కోసిన జడ పట్టుకొని మీ అమ్మగారింటికి పో" అన్నాడు. కోపంగా కాదు, అన్నం కలుపుకుంటూ అన్నాడు.

ఆ జడను పొగిడినవాళ్లెవరూ దానికి ఒక చెంబు నీళ్లు మోయలేదు. కొళాయి తెల్లవారకముందు వచ్చి, తెల్లవారేసరికి ఆగిపోయేది. తాగే నీళ్లు ముందు. తర్వాత వంటకి. తర్వాత ఆయన బొగ్గు బట్టలకి, మా చిన్న పాపకి, గిన్నెలకి. మిగిలితే నా తలకి. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో పిసికి, నురుగు వడగట్టి, మెంతులు నూరి, ఒక చేత్తో పోసుకుంటూ ఇంకో చేత్తో రుద్దుకునేసరికి నడుం విరిగేది. డాబా మీద ఆరబెట్టుకుంటే గల్లీలో మగవాళ్లు చూస్తారని అత్త పైకి వెళ్లనిచ్చేది కాదు. తడి జడే అల్లుకుని వంటింట్లోకి పోయేదాన్ని. లోపలి పాయలు సాయంత్రానికి కూడా ఆరేవి కావు, ముక్కిన వాసన వేసేవి.

ఆ కష్టానికైనా రోజు దొరకాలి కదా. మంగళవారం కూడదు. శనివారం మగవాళ్లది. అమావాస్య కూడదు. ఆయన పుట్టిన వారం కూడదు. అన్నిటికన్నా పెద్దది, ఇంటి మగవాడు ఊరికి బయలుదేరిన రోజు ఆడది తల తడపకూడదు. పీనుగను పంపించి వచ్చాకే కదా ఇంట్లోవాళ్లు తలలు కడుక్కునేది. మా ఆయనదేమో వెళ్లడమే పని. షెడ్డు నుంచి కాల్‌మన్ ఎల్లప్ప సైకిలు మీద వచ్చి, "గుండన్నా, డ్యూటీ!" అని కేకేసేవాడు. ద్రోణాచలం బండి ఎప్పుడు పిలుస్తుందో ఎవరికీ తెలియదు. ఎన్నిసార్లు నానబెట్టిన కుంకుళ్లు నానబెట్టినట్టే ఉండిపోయాయో!

డెబ్బై నాలుగు ఎండాకాలంలో రైల్వే సమ్మె వచ్చింది. ఆ పొద్దున నాకు రోజు దొరికింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, నీళ్లు మిగిలాయి, వారం మంచిది. నువ్వుల నూనె కుదుళ్ల నుంచి కొసల దాకా కారేటట్టు పట్టించుకున్నాను. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఎల్లప్ప వచ్చాడు. ఈసారి కేక వేయలేదు. సైకిలు గోడకి పడేసి లోపలికే వచ్చేశాడు.

"గుండన్నా, పోలీసోళ్లు షెడ్డోళ్లను ఒక్కొక్కళ్లను పట్టుకపోతున్నరు. నువ్వు, సీమోను జల్ది ఎళ్లిపోన్రి. ఎన్క గల్లీల కెళ్లి పోన్రి."

సీమోను మా పక్కింటి ఆయన, ఇద్దరూ ఒకే ఇంజను మీద పనిచేసేవాళ్లు. ఈయన రెండు అంగీలు తువాలులో కట్టుకున్నాడు. "రెండొద్దులల్ల వస్తనే అమ్మా, ఫికర్ జెయ్యకు" అని తల్లితో చెప్పి వెళ్లిపోయాడు. నాకేసి ఒకసారి చూశాడు. నా ముఖం నిండా నూనె కారుతోంది.

నేను కాగిన నీళ్లు దించుతుంటే అత్త వచ్చి నిలబడింది.

"యాడికి?"

"నూనె పెట్టుకున్న కదత్తా. కడుక్కొని వస్త."

"నా కొడుకు ఇప్పుడే గల్మ దాటిండు. పీనుగను ఎల్లగొట్టినట్టు నెత్తి కడుక్కుంటవా?"

"మరి ఈ నూనె?"

"నూనెతోని ఎవలు సచ్చిన్రే? వాడు రానీ, అప్పుడు కడుక్కో."

"కుంకుడు రసం తీసి పెట్టిన."

"పారబొయ్యకు. వాని ఖాకీ అంగీలు అండ్ల నానబెట్టు."

నా జుట్టుకోసం తీసిన నురుగులో ఆయన అంగీల బొగ్గు మసి వదిలింది. ఆ నల్లటి నీళ్లు మోరీలో పారబోస్తూ, రెండు రోజులే కదా అనుకున్నాను.

రెండు రోజులు దాటాయి, వారం దాటింది. కబురు లేదు. బండ్లు ఆగిపోవడంతో మా ఇల్లు వింతగా అయిపోయింది. ఎప్పుడూ రైలు పోతే అరలో గ్లాసులు కదిలేవి. ఇప్పుడు కదలని గ్లాసులను చూస్తే భయం వేసేది. ఎప్పుడో ఒక బండి పోయేది. దాన్ని ఎవరు నడుపుతున్నారో తెలియదు. వైశాఖం ఎండకి నూనె కరిగి మెడ మీదికి, వీపు మీదికి జారేది. దాని మీద దుమ్ము, చెమట. మెడ వెనక కురుపులు లేచాయి. పేలు పడ్డాయి. నా తల నాది కాదనిపించేది, ఎవరో వెళ్తూ వెళ్తూ నా మీద పెట్టి పోయిన బరువులా ఉండేది.

శనివారం సాయంత్రం సీమోను భార్య సారమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. తల కడుక్కుని, విరబోసుకుని ఉంది.

"ఏం వదినె, ఇంక అదే నూనెనా? నీ జడకు అగ్గిపుల్ల గీస్తే వీధంత దీపం ఎలుగుతది."

"నీకు భయం లేదా సారమ్మా? అన్న యాడున్నడో ఏమో, నువ్వు నెత్తి కడుక్కుంటివి."

"రేపు చర్చికి జిడ్డు నెత్తితోని పోతే పక్కన ఎవలు కూసోనిస్తరు? పెండ్లయినకాన్నుంచి ప్రతి శనారం కడుగుతున్న. సీమోనుకు నేను చీర మార్చిన్నా లేదా అన్నదే తెల్వదు. నా నెత్తి తడిసిందని ఇంజను మీద ఆయనకెట్ల తెలుస్తది?"

నవ్వు వచ్చింది. లోపల అత్త దగ్గింది. నవ్వు ఆపుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అత్త నన్ను వాకిట్లో కూర్చోబెట్టుకుని పేలు చూసింది. ఆమె చేయి మెత్తన. కుక్కుతూ కుక్కుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పింది.

"రజాకార్ల లొల్లి నాడు మీ మామ షోలాపూర్ మిల్లుకు పోయిండు. పని కుదిరినంక తీస్కపోత అన్నడు. నా కొడుకు సంకలున్నడు అప్పుడు. మా చెల్లె పెండ్లి ఉండె. ఆయన అటు పోంగనే నేనిటు నెత్తికి పోసుకున్న. నాకు సోయి లేకపాయె. పెండ్లిల మంచిగ కనబడాలని ఉండె."

"మామకేమైందత్తా?"

"ఏమైతది? సచ్చిపోయిండు."

"ఎవరన్న చూసిన్రా?"

"చూసుడేందే? బతికుంటే రాడా? నన్ను, పసిపోరన్ని ఇడిచి యాడన్న ఉంటడా? గట్లాంటి మనిషి గాదు. పదేండ్లు చూసి పెద్దోళ్లే నా బొట్టు తీసిన్రు. నేనే సంపుకున్న." ఆమె గోళ్ల మధ్య పేను చిట్లింది. "నువ్వు సంపుకోకు."

ఆ మాట నా వీపు మీద కూర్చుంది. తర్వాత కురుపులు నొప్పి పెట్టినప్పుడల్లా ఆయన బతికే ఉన్నాడనుకునేదాన్ని. దురద ఎక్కువైతే ఎక్కడో క్షేమంగా ఉన్నాడనుకునేదాన్ని. నా వాసనే ఆయన ఊపిరి అనుకున్నాను. ఇప్పుడు నవ్వుతారు. అప్పుడు ఆ గదుల్లో ఆ భయంతో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

ఒకరోజు పాప నా పక్కలోంచి లేచి చాప తీసుకుని దూరంగా పడుకుంది. "నీ దగ్గర కంపొస్తుందమ్మా" అంది. తిట్టలేదు, ఏడవలేదు, అటు తిరిగి పడుకుంది. పోయినవాళ్లను పీనుగులని దూరం జరుగుతారు. నేను బతికి ఉండగానే నా బిడ్డ జరిగింది.

శుక్రవారం అత్త కొడుకు గురించి చుట్టాలనడగడానికి ఛత్రినాక వెళ్లింది. నేను గోడ దగ్గరికి వెళ్లి, "సారమ్మా, నీళ్లు పోస్తవా?" అన్నాను. ఆమె తన నీళ్ల బిందె, మందారాకు రెండు గుప్పిళ్లు పట్టుకుని వచ్చింది. మొదటి చెంబు పడగానే కళ్లు మూసుకున్నాను. మూసిన కళ్లలో ఆయన పట్టాల మధ్య బోర్లా పడి కనిపించాడు. "ఆపు" అన్నాను. ఆమె ఆపింది. నూనె, మట్టి కలిసి నల్లటి చార కాళ్ల మధ్య నుంచి పారుతోంది. "పొయ్యి" అన్నాను. మళ్లీ పోసింది. మళ్లీ ఆయన. అట్లా ప్రతి చెంబుకీ ఒకసారి ఆయన చచ్చిపోయాడు, ప్రతి చెంబుకీ నేను ఇంకొంచెం తేలికయ్యాను. మందారాకు పసరు పట్టించి, చివరి నీళ్లు పోశాక, వేళ్లు పెడితే జుట్టు జారిపోయింది. సారమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి పిండుతూ, "ఇంత బరువెట్ల మోస్తవు వదినె" అంది.

ఎండలో కూర్చున్న కాసేపే సుఖం. అత్త వచ్చేలోగా మళ్లీ తల నిండా నూనె రాసుకున్నాను, దుమ్ము రాసుకున్నాను, ముడి వేసుకున్నాను. నా చేత్తోనే నా తలను మాపుకున్నాను.

ఆ తర్వాత రోజే వార్త వచ్చింది. ఫలక్‌నుమా దగ్గర పట్టాల మీద ఎవరో పడి ఉన్నారట, ఖాకీ అంగీ అట. అత్త కొంగు నడుముకు చుట్టుకుని పరుగెత్తింది. నేను వెళ్లలేదు, నాకు తెలుసు కనుక. గడపలో కూర్చున్నాను. పాప అన్నం అడిగితే పెట్టాను. నా చేయే పెట్టిందో, ఇంకెవరైనా పెట్టారో. చంపిన మనిషి అన్నం వడ్డిస్తే ఇట్లాగే ఉంటుందా అని నా చేతుల్ని చూసుకున్నాను. పొద్దువాలే వేళకి అత్త తిరిగి వచ్చి గోడకి ఆనుకుంది. "మనోడు గాదు. వేరే తల్లి కొడుకు" అంది. అప్పుడు కూడా నాకు ధైర్యం రాలేదు. ఈసారి కాకపోతే ఇంకోసారి అనుకున్నాను.

సమ్మె అయిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయన నడుచుకుంటూ వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. తల నిగనిగలాడుతోంది, సబ్బు వాసన. ఇన్నాళ్లూ ఈయనా సీమోనూ బార్కస్‌లో ఉన్నారట, ఇంజను మీద పరిచయమైన ఒక అరబ్బు చావుష్ జామతోటలో. ఇక్కడికి బస్సులో ఎంత దూరమని!

"రోజు మోటరు కింద తానం. మస్తు నీళ్లు. చావుష్ ఇంట్లకెళ్లి అన్నం వచ్చేది" అని చెప్పుకొచ్చాడు.

"ఒక్క కబురన్న పంపకపోతివి" అన్నాను.

"కబురు పంపితే దొరుకుతం గద, పిచ్చిదానా."

అత్త గుప్పెట్లో ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుని కొడుక్కి దిష్టి తీస్తోంది. గోడ అవతల సారమ్మ సీమోనును తిడుతున్న గొంతు వినిపిస్తోంది. "నా కోడలు ఇన్నొద్దులు నెత్తి ముట్టలే. కురుపులైనయి, పేలు పడ్డయి, ఓర్చుకున్నది. గందుకే నా కొడుకు నాకు దక్కిండు" అంది అత్త. ఆ గొంతులో నామీద మొదటిసారి ప్రేమ ఉంది. ఆయన నా జిడ్డు ముడిని అరచేత్తో తట్టాడు. గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు.

"నీ జడే నన్ను కాసింది సుందరా. ఇంక నుంచి పోయిన రోజే గాదు, నేను పోయి వచ్చేదాక ముట్టకు. లైన్ల మీద ఏమైతదో ఎవనికెరుక?"

పోయి వచ్చేదాకా. ఆయనకి ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది. ఆ ముప్పై ఏళ్లూ నా మెడ మీదుగా కారుతున్నట్టు అనిపించింది. ఊరుకుంటే అత్త ప్రేమ నాది. ఊరుకుంటే నేను మొగుణ్ణి కాపాడిన ఇల్లాలిని. పాప కాస్త దూరంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది. దానికీ జుట్టు ఒత్తుగా వస్తోంది.

"శుక్రారం నేను నెత్తి కడుక్కున్న" అన్నాను.

ఆయన చేయి తీసేశాడు. "ఏందీ?"

"కడుక్కున్న. సారమ్మ పోసింది. అయినా వచ్చినవు."

"సంపుదామనుకున్నవానే నన్ను?" అని చేయెత్తాడు. ఎత్తిన చేయి ఎందుకో దిగలేదు. ఎదురుగా తన తల్లి నిలబడ్డ తీరు చూశాడు. ఆమె గుప్పెట విడిపోయి మిరపకాయలు నేల మీద పడ్డాయి. కోపం కోసం ఆమె ముఖంలో వెతికాను. లేదు.

"ఉత్తగనే రెండు చెంబులు పోసుకున్నవా?" అంది నెమ్మదిగా. "ఒట్టి పైపైన?"

"లేదత్తా. మొత్తం కడుక్కున్న. నూనె పోయేదాక."

ఆమె అక్కడే, గడప మీద కూలబడింది. కొడుకు "అమ్మా" అంటున్నాడు, వినిపించుకోలేదు. నావైపే చూస్తోంది. పెళ్లిచూపుల్లో నా జుట్టును గుంజిన మనిషి కాదు. సంకలో బిడ్డతో, చెల్లెలి పెళ్లికని తల కడుక్కుని, ఎండలో ఆరబెట్టుకుంటున్న పిల్ల.

"గట్లయితే, సుందరా, మీ మామ ఎందుకు రాలే?"