అడ్డపొగ మానేశాక

నేను ఒక రేకు డబ్బాను. నన్ను పిప్పరమెంట్ల కోసం చేశారు. మూత మీద నవ్వుతున్న పాప బొమ్మ కూడా వేశారు. పిప్పరమెంట్లు వారంలో అయిపోయాయి, మిగిలిన జన్మంతా చుట్టలు మోశాను. మనుషులు ఒకందుకు కొని ఇంకొకందుకు వాడుకుంటారు, అడిగే దిక్కు లేదు.

నన్ను కొన్నవాడు దానయ్య, కళింగపట్నం దగ్గర చేపలు పట్టేవాడు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, భార్య ఎర్రమ్మ కోసం పొగాకు చుట్టి నాలో పేర్చేవాడు. ఎర్రమ్మది అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తుంది. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, కాకపోతే నోరు తెరవకూడదు. అందుకని దానయ్య ఊరి సంగతులన్నీ చెబుతుంటే ఆమె ముప్పై ఏళ్లు "ఊఁ" కొడుతూ వచ్చింది. అంత చక్కటి కాపురం నేను మరెక్కడా చూడలేదు. మరో ఇల్లు చూడలేదనుకోండి.

దానయ్య జ్వరంతో పోయాడు. అతను చుట్టినవాటిలో ఒక్కటే మిగిలింది. దాన్ని నాలోనే ఓ పక్కగా ఉంచి ఎర్రమ్మ బజారు చుట్టలు తాగింది. ఆ ఏడే ఆమె అంగిట్లో తెల్లమచ్చ కనబడింది.

"చుట్ట మానకపోతే ఇది పుండవుతుందమ్మా. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

ఎర్రమ్మ బజారు చుట్టలన్నీ పొయ్యిలో వేసింది. దానయ్య చుట్టినదాన్ని మాత్రం వేయలేకపోయింది. ఆ రోజుల్లో నా మూత ఎన్నిసార్లు తీసిందో, ఎన్నిసార్లు మూసిందో నాకే తెలుసు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆమె ఓడిపోవాలని కోరుకున్నాను. ఆమె బాగుపడితే ఇక నాతో ఏం పని?

ఆరు నెలలకు మచ్చ తగ్గిందని డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆ సాయంత్రం ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని నన్ను తెరిచింది. చుట్టను వాసన చూసింది. అగ్గిపెట్టె అందుకుంది. కాసేపటికి దాన్ని దూరంగా జరిపి, చుట్టను మళ్లీ నాలో పడుకోబెట్టింది.

"మచ్చ తగ్గిందంట మావా," అంది. "ఇన్నాళ్లూ నోట్లో నిప్పెట్టుకుని ఇన్నాను గానీ, నీకొక్క మాటా సెప్పనేదు. ఇప్పుడు నోరు ఖాళీగుంది. సెప్తాను, ఇను."

పెళ్లినాడు అతని గొంతు ఎంత నచ్చిందో చెప్పింది. అతను వేటకు వెళ్లినప్పుడల్లా ఎంత భయపడేదో చెప్పింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏదో ఒకటి చెబుతుంది. మధ్యలో ఆగి, నా వైపు చూస్తూ ఎదురుచూస్తుంది.

ఊఁ కొట్టడం నాకు రాదు.