రాణిగారి భుజం కుట్టు

మా బావ వడ్రంగి. మా నాటకంలో ఆయన మంత్రి. రిహార్సళ్ళు ఆయన షాపులోనే కాబట్టి నెలన్నర పాటు రంపపు పొట్టు మధ్య, ఉడుకుతున్న జిగురు కంపులో నేను రాజుగా బతికాను.

నాటకం నేనే రాశాను. విషాదం. రాణి విషం తాగి చచ్చిపోతుంది, రాజు ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తాడు. బట్టలు కుట్టుకునేవాడికి ఈ దురద ఎందుకూ అంటే, మా ఆవిడ వల్ల. నాకు గుండె లేదని ఆవిడ నమ్మకం.

"ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మిషన్ మీంచి తలెత్తి నా మొహం చూసింది ఎన్నిసార్లు? మీరు పెళ్ళాం కోసం ఏడుస్తారా! అదీ చూస్తాను," అంది. మొదటి వరసలో కుర్చీ కావాలంది. ఏ మాటనైనా చివరికి నవ్వేసే మనిషి, ఆ మాట అని నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ ఏడుపు ఒక్కటి పండితే చాలు, మిగతా నాటకం ఏ గంగలో దూకినా ఫరవాలేదనిపించింది.

అలాంటి సీనుకి నాకు దొరికిన రాణి ప్లంబర్. ఎవరింట్లో ఏది పాడైనా వాషర్ పోయిందంటాడని వాడి పేరే వాషర్ అయి కూర్చుంది. మీసం తియ్యరా అంటే సగం తీసి, "మిగతాది ఆ రోజు చూద్దాంలే అన్నా," అన్నాడు. ఒంటినిండా మురుగు వాసన. ఆ తలను ఒళ్ళో పెట్టుకున్నప్పుడల్లా ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేసేవాణ్ణి.

సేనాపతి పెయింటర్. ప్రతి మాటా రెండుసార్లు చెబుతాడు. "శత్రువులొచ్చారు ప్రభూ, శత్రువులొచ్చారు." ఒక్కసారి చాలురా నాయనా అంటే, "ఒక్క కోటు ఏం నిలుస్తుంది?" అని నన్నే అడిగాడు.

నాటకం రోజు సాయంత్రం మా చేతిపనులవాళ్ళ సంఘం హాలు నిండింది. తెర లేచింది. నేను సింహాసనం మీద కూర్చోగానే అది కిర్రుమంది. నాకు రాజనీతి బోధిస్తున్న మా బావ సగం మాటలో ఆగి, చెవి ఒగ్గి విని, "లేవోయ్ బామ్మర్దీ, ఒక్క నిమిషం," అన్నాడు. లేపాడు. సింహాసనాన్ని తలకిందులు చేసి పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, "పచ్చి చెక్క. ఆరనివ్వకుండా తొందరపెట్టావు," అని జనం ముందు తప్పు నా నెత్తిన రుద్దాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

సేనాపతి కోటగోడ మీద కారిన రంగు చుక్క చూశాడు. ఇక శత్రువులూ లేరు, ప్రభువూ లేడు. జనానికి వీపు పెట్టి దాన్ని గోటితో గీకుతూ, యుద్ధం కబురు గోడకి చెప్పాడు, రెండుసార్లు. రాణి విషపాత్ర అందుకుని, అడుగున కారుతుందేమోనని తిప్పి చూసింది. విషమంతా నేలపాలైంది. ఖాళీ చెంబు తాగి చచ్చిన రాణి లోకంలో ఇదొక్కతే.

జనం పడీపడీ నవ్వారు. వాళ్ళన్నా రోత పుట్టింది, వీళ్ళన్నా రోత పుట్టింది. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు ఒక్క రెండు గంటలు పనిని విడిచి రాలేరా ఈ దరిద్రులు?

అయినా నా సీను మిగిలింది. రాణి తల ఒళ్ళోకి తీసుకున్నాను. "నన్నొంటరిని చేసి వెళ్ళావా..." అన్నాను. హాలు సద్దుమణిగింది. నా కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మొదటి వరసలో మా ఆవిడ కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది.

చచ్చిన రాణి మొహం చూసి మిగతా మాటలు చెప్పాలి. మొహం దాకా నా చూపు వెళ్ళలేదు. భుజం దగ్గర కుట్టు రెండంగుళాలు విడిపోయి ఉంది. నా షాపులో, నా చేత్తో వేసిన కుట్టు! నేను పైకి ఏడుస్తూనే ఉన్నాను. ఎప్పుడు తీశానో, కాలర్‌కి అలవాటుగా గుచ్చుకున్న, దారం ఎక్కించిన సూది చేతిలోకొచ్చింది. "ఇక ఎవరికోసం బతకను..." ఒక కుట్టు. "నీ నవ్వు ఎక్కడ వెతకను..." ఇంకో కుట్టు.

"అబ్బా, గుచ్చుకుంది అన్నా!" అని రాణి లేచి కూర్చుంది.

"కదలకురా, ముడెయ్యాలి," అన్నాను. వేశాను. పంటితో దారం తెంపాను. హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

తెర పడ్డాక మా బావ నా భుజం తట్టి, "గురివింద గింజా!" అని వెళ్ళిపోయాడు. మొహం మీది రంగు కడుక్కుంటుంటే మా ఆవిడ లోపలికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"మా అమ్మ పోయిన రోజు మీ మీద పడి ఏడ్చాను, గుర్తుందా?" అంది మెల్లగా. "జాకెట్టు చంకలో కుట్టు పోయింది, విప్పి ఇయ్యి అన్నారు. మీకు నటించడం రాదేమో అనుకున్నాను. అచ్చం మీలాగే చేశారు."

నా మీద నాకే రోత పుట్టింది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందని అడిగితే మాత్రం చెప్పలేను. నేను తల దించుకునే ఉన్నాను.